పొయ్యి వెలగని మంగళవారం

బుధవారం రోజున మా ఇంట్లో ఎవరెవరున్నారో షాజాదీ గారు నన్నే చెప్పమన్నారు. నాన్న చలమయ్య. అమ్మ. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని నాయనమ్మ వెంకాయమ్మ. నేను. పొద్దున్నే వచ్చి వసారాలో ఉప్మా తిని వెళ్ళిన, మా చేలో డ్రోన్‌తో మందు కొట్టే యలమంద. సాయంత్రం నాన్నతో కలిసి కాఫీ తాగిన తెల్లచొక్కా మనిషి. అతని పేరు అప్పటికి నాకు తెలియదు.

"పైగదిలో అద్దెకుండే శ్రీరమ్య?"

"అక్క ఆరోజు గుంటూరు ఆసుపత్రిలోనే ఉంది. గురువారం వచ్చింది."

నేను మామూలుగా కొత్తవాళ్ళ ముందు ఇన్ని మాటలు మాట్లాడను. షాజాదీ గారు మాత్రం ప్రశ్న అడిగాక నా మొహం వంక చూడరు, గోడ వంక చూస్తారు. అందుకని చెప్పగలిగాను. ఆమె గుంటూరులో సొంతంగా డిటెక్టివ్ పని చేస్తారు. అంతకుముందు చాలాకాలం ఫోరెన్సిక్ ల్యాబ్‌లో చేశారట. మా ఊరి కోత ముఠాని నడిపే మాబూబీ ఆమెకు పిన్ని. మాబూబీ ఫోన్ చేసి ఏడిస్తే వచ్చారు.

మాబూబీ ఏడ్చింది మహిమ కోసం. మంగళవారం పొద్దున మా మిరప చేను పక్క చేలో ముఠా కాయ కోస్తోంది. మధ్యాహ్నానికి మహిమ సాలు మధ్యలో పడిపోయింది. నోటి నుంచి చొంగ కారింది. మిగతా ఆడవాళ్ళకు కూడా వాంతులయ్యాయి, కళ్ళు మసకలు కమ్మాయి. వాళ్ళు తేరుకున్నారు. మహిమ ఇంకా కళ్ళు తెరవలేదు. మా చేలో డ్రోన్ మందు కొట్టిందని, గాలి తమ మీదికే తోలిందని ముఠా మొత్తం ఒకటే మాట చెప్పింది. నాన్న మాత్రం మందు కొట్టించింది సోమవారం అన్నాడు. యలమంద కూడా అదే అన్నాడు. ఒంగోలులో ఉన్న డ్రోన్ కంపెనీ వాళ్ళు మంగళవారం మా చేను తమ రికార్డులో లేదన్నారు.

మరి మహిమ ఒంట్లోకి విషం ఎక్కడిది? మొగుడితో గొడవపడి తాగింది. ఈ మాట ముందు ఎవరన్నారో తెలియదు. గురువారానికి పాలు పోసేవాళ్ళ దగ్గర్నుంచి బడ్డీకొట్టు దాకా అందరూ అనేశారు. మహిమ కాపురంలో ఏం జరుగుతుందో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ఆమె వీధిలోకి ఏడాదికి ఒక్కసారైనా వెళ్ళని వాళ్ళు కూడా ఆ గొడవ ఎలా మొదలైందో వర్ణించి చెప్పారు. ఆమె మొగుడు క్రీస్తుదాసుని స్టేషన్‌లో కూర్చోబెట్టారు. శుక్రవారం సాయంత్రం లోపల వేరే ఆధారం ఏదీ రాకపోతే కేసు అతని మీద రాస్తామన్నారు. గుంటూరు ఆసుపత్రిలో మహిమ ఒంటరిగా పడుంది. ఇక్కడ ఆమె మంచం పక్కన ఉండాల్సిన మనిషి బెంచీ మీద కూర్చున్నాడు.

ఈరోజే శుక్రవారం.

ఆధారం మా ఇంటి డాబా మీదే ఉంది. శ్రీరమ్య అక్క యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తుంది. గాలిలో తేలే కంటికి కనపడని తుంపరల్లో సబ్బులాంటి పదార్థాలు ఎంతున్నాయో కొలుస్తుంది. వాటిని సర్ఫక్టెంట్లు అంటారు. మబ్బులో నీటిచుక్క పుట్టడానికీ వాటికీ సంబంధం ఉందట. డాబా మీద ఒక పంపు పగలూ రాత్రీ గాలిని పీలుస్తుంటుంది. పీల్చిన గాలిలోని దుమ్మంతా గుండ్రటి తెల్ల ఫిల్టర్ కాగితం మీద నిలిచిపోతుంది. రోజూ పొద్దున ఎనిమిదికి పాతది తీసి కొత్తది వేయాలి. తీసినదాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, అక్క గదిలో ఉన్న చిన్న ఫ్రీజర్‌లో పెట్టాలి.

పురుగుమందు ఆకుకి పట్టుకోవాలంటే జిగురు కలపాలి. కంపెనీ జిగురు దండగని నాన్న ట్యాంకులో షాంపూ ప్యాకెట్లు పిండుతాడు. నురగొస్తే డ్రోన్ పాడవుతుందని యలమంద మొత్తుకున్నా వినడు. "మీ షాంపూ నా మెషీన్‌కి దొరికిపోతుంది అంకుల్," అని అక్క ఒకసారి అన్నం తింటూ నవ్వింది. అందరం నవ్వాం. కాబట్టి మా ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. మంగళవారం మా చేలో డ్రోన్ ఎగిరి ఉంటే మంగళవారం ఫిల్టర్ చెప్పి తీరాలి.

మహిమని ఆటో ఎక్కించినప్పుడు అక్క కూడా వెంట వెళ్ళింది. బుధవారం పొద్దున ఫోన్ చేసి ఫిల్టర్ నన్ను తీయమంది. తీశాను. పట్టకారుతోనే తీశాను, చెయ్యి తగలనివ్వలేదు. డబ్బాలో పెట్టి, ఫ్రీజర్‌లో పెట్టి, గదికి తాళం వేసి, తాళంచెవి మామూలుగా వంటింటి తలుపు పక్క మేకుకి తగిలించాను.

గురువారం అక్క వచ్చి కొలిస్తే మంగళవారం ఫిల్టర్‌లో ఏమీ లేదు.

షాజాదీ గారు మెట్లెక్కుతుంటే వెనకాలే తెల్లచొక్కా మనిషి కూడా ఎక్కాడు. అతని పేరు సురేంద్ర. డ్రోన్ కంపెనీ తరఫున విచారణ చేసే ప్రైవేటు డిటెక్టివ్. వీళ్ళిద్దరికీ పాత పరిచయం ఉన్నట్టుంది. గారూ గారూ అనుకుంటూనే ఒకరి మాట ఒకరు నరుక్కుంటారు.

అక్క మళ్ళీ కొలిచి చూపించింది. ఫిల్టర్ నుంచి చిన్న ముక్క కోసి, శుద్ధమైన ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళని గాజు గిన్నెలో పోసింది. పైనుంచి వెంట్రుకంత సన్నని రంధ్రం ఉన్న గాజు గొట్టం దిగింది. దాని చివర పాదరసం చుక్క ఒకటి ఊరి, ఆవగింజంత అయి, పడకుండా వేలాడింది.

"నీళ్ళలో సబ్బులాంటిది ఉంటే వెళ్ళి ఈ చుక్క చుట్టూ పొరలా పట్టేస్తుంది," అంది అక్క. "పొర పట్టేకొద్దీ చుక్క దగ్గర కరెంటు తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది."

కంప్యూటర్‌లో గీతలు వచ్చాయి. వాడని కొత్త ఫిల్టర్‌కి వచ్చిన గీత పైన ఉంది. ఆదివారంది, సోమవారంది దానికి బాగా కింద ఉన్నాయి. మంగళవారంది పోయి కొత్త ఫిల్టర్ గీత మీదే కూర్చుంది.

"అయిపోయింది కదండీ," అన్నాడు సురేంద్ర. "సైన్సే చెప్తోంది. మంగళవారం గాల్లో స్ప్రే లేదు. ఆవిడ తాగింది. ఇంక మనం భోజనాలకి లేవచ్చు."

"సోమవారం కొట్టించామంటున్నారుగా. మరి సోమవారం గీత ఆదివారం గీత లాగే ఉందేం?" అన్నారు షాజాదీ గారు.

"గాలి అటువైపు ఉండుంటుంది."

"ఉండుంటుంది. మంగళవారం సంగతి చెప్పండి. అమ్మాయ్ శ్రీరమ్యా, స్ప్రే లేని రోజు ఈ ఫిల్టర్‌లో ఏముంటుంది?"

"పొయ్యిల పొగ ఉంటుంది మేడమ్. పత్తికట్టె పొగ, చెత్త తగలేసిన పొగ, మిరప దుమ్ము. అన్నిట్లోనూ ఎంతో కొంత ఉంటాయి. ఇక్కడికి వచ్చాక ఖాళీ ఫిల్టర్ నేనెప్పుడూ చూడలేదు."

షాజాదీ గారు సురేంద్ర వైపు తిరిగారు. "మంగళవారం ఈ ఊళ్ళో ఎవరూ పొయ్యి వెలిగించలేదాండీ?"

అతను గది చుట్టూ చూసి నన్ను పట్టుకున్నాడు. ఆ ఫిల్టర్ తీసింది ఎవరని అడిగాడు. నేనని తెలిసి నవ్వాడు. జడకి నూనె పెట్టుకునే పల్లెటూరి హైస్కూలు పిల్ల చేతికి సాక్ష్యం అప్పజెప్పి, ఇప్పుడు దాని మీద కేసు నడుపుతారా అన్నాడు. నా చెవులు కాలిపోయాయి. పట్టకారుతో తీశానని చెప్పబోయాను.

"నూనె చెయ్యి తగిలితే గీత ఇంకా కిందికి పోతుందండీ, పైకి రాదు," అంది అక్క. "ఈ పిల్ల పాడుచేస్తే మీకు నష్టమయ్యేది. మీకు లాభమయ్యేలా పాడుచేసింది ఇంకెవరో."

షాజాదీ గారు డబ్బాలన్నీ వరసగా బల్ల మీద పెట్టించారు. నన్ను దగ్గరికి పిలిచి, ఏమీ అడగకుండా, చూడమన్నట్టు పక్కకి జరిగారు. ఆదివారం ఫిల్టర్ మధ్యలో బూడిదరంగు, అంచు చుట్టూ తెల్లటి వలయం. సోమవారంది అంతే. అంచుని బిగించే రింగు కింద గాలి పోదు కాబట్టి అక్కడ దుమ్ము పట్టదు. మంగళవారం ఫిల్టర్ అంచు దాకా నల్లగా ఉంది.

నేను తీసింది ఇది కాదు. నేను తీసినదానికి వలయం ఉంది, మధ్యలో పసుపు కలిసిన గోధుమరంగు ఉంది. ఈసారి చెప్పగలిగాను. చిన్నగా చెప్పాను, కానీ అందరికీ వినపడింది.

షాజాదీ గారు వేలి గోరుతో దాని అంచు గీరి, వాసన చూశారు. "పెనం అడుగు మసి. కొత్త ఫిల్టర్ తీసుకుని మసి పూశారు. మంట మీద కాలికాలి ఉన్న మసిలో సబ్బులాంటిది ఏమీ మిగలదు. కంటిని మోసం చేశారు గాని, పాదరసం చుక్కకి కళ్ళు లేవుగా." తర్వాత అక్కని అడిగారు. "ఈ డబ్బాలో ఇంకేమన్నా ఉందా?"

అక్క ఒక చిన్న కవరు తీసింది. డబ్బా తెరిచినప్పుడు ఫిల్టర్ కింద మూడు బియ్యపు గింజలు ఉన్నాయట. ఎలా వచ్చాయో అర్థంకాక దాచిందట. సురేంద్ర ఎలుకలు అన్నాడు. ఫ్రీజర్‌లో, మూత పెట్టిన డబ్బాలో ఎలుకలా అని కూడా ఎవరూ అడగలేదు. షాజాదీ గారు ఆ కవరు పట్టుకుని కిందికి దిగారు.

వసారాలో నాయనమ్మ పత్తి వత్తులు చేస్తోంది. అమ్మ గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మందు ఏ రోజు కొట్టించారని మళ్ళీ అడిగితే, సోమవారమని ఎన్నిసార్లు చెప్పాలని కసిరాడు. షాజాదీ గారు అతనితో వాదించలేదు. నాయనమ్మ పక్కన చతికిలబడి, వత్తుల గురించి మాట్లాడి, మోకాళ్ళకి ఏ నూనె రాస్తున్నారో కనుక్కున్నారు. ఆ తర్వాత మామూలుగా అడిగారు.

"పక్కింటోళ్ళు కూర పంపిస్తే, గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఏం వేసిస్తారు పెద్దమ్మా?"

"వట్టి గిన్నె ఎట్టా ఇస్తారమ్మాయ్, బెల్లంముక్క ఏసిస్తా. మా అత్త కాలం నుంచీ అంతే."

"మీరమ్మా?" అని అమ్మని అడిగారు.

అమ్మ చేతిలోని వెల్లుల్లిపాయ ఒక్క క్షణం ఆగింది. "పంచదార," అంది.

నా చిన్నప్పటి నుంచీ ఈ ఇంటి నుంచి పక్కిళ్ళకి గిన్నెలు తిరిగి పట్టుకెళ్ళేది నేను. నాయనమ్మ ఇచ్చిన గిన్నెలో బెల్లముంటుంది. అమ్మ ఇచ్చిన గిన్నెలో ఎప్పుడూ బియ్యమే. నాలుగు గింజలో, మూడో, వేళ్ళకి వచ్చినన్ని. చేస్తున్నానని తనకే తెలియకుండా చేస్తుంది. పక్కనున్న బియ్యం డబ్బాలోకి చెయ్యి తనంతట తనే వెళ్తుంది. పరాయివాళ్ళ డబ్బా వాళ్ళ గదికి తిరిగి పోతోంది, అందులోది మనం తీసేసుకున్నాం, వట్టిది పంపకూడదు. మసి పూసిన ఆ కాగితాన్ని అమ్మ చెయ్యి లెక్కలోకి తీసుకోలేదు.

షాజాదీ గారు నా వైపు చూడలేదు. గోడ వంకే చూశారు. ఆమె అడగకపోవడమే నాకు భారమైంది.

సురేంద్ర మళ్ళీ అందుకున్నాడు. బియ్యపు గింజలు పట్టుకుని ఆడవాళ్ళని వేధిస్తున్నారని, మాబూబీ అక్క కూతురై ఉండి ఈ కేసులో వేలు పెట్టడమే తప్పని, స్టేషన్‌లో చెప్తానని అన్నాడు.

"చెప్పండి. నేను ఎవరి మనిషినో వచ్చిన రోజే చెప్పాను. మిమ్మల్ని కంపెనీ ఎప్పుడు పంపింది?"

"గురువారం. కాగితం ఉంది."

"బుధవారం సాయంత్రం ఈ వసారాలో కాఫీ తాగింది ఎవరండీ?"

సురేంద్ర నన్ను చూశాడు. నాన్న కూడా చూశాడు. "ఏం కూశావే?" అన్నాడు నాన్న.

"పిల్ల కూయలేదు. అడిగితే చెప్పింది," అన్నారు షాజాదీ గారు. "శ్రీరమ్య ఆసుపత్రిలో పోలీసులకి ఫిల్టర్ సంగతి చెప్పింది బుధవారం మధ్యాహ్నం. సాయంత్రానికి మీరు ఇక్కడున్నారు. ఆ కాగితం ఏం చెప్తుందో చలమయ్య గారికి మీరు చెప్పారు. పని ఎవరు చేశారన్నది వేరే సంగతి. చెయ్యమన్నది మీరు."

"నిరూపించండి," అన్నాడు సురేంద్ర. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "అసలు ఫిల్టర్ చూపించి నిరూపించండి. అది ఈపాటికి బూడిదైపోయింటుంది. సాయంత్రానికి మీ క్రీస్తుదాసు లోపలుంటాడు."

అప్పుడు నాకొచ్చిన కోపం లాంటిది ఎప్పుడూ రాలేదు. ఈ మనిషి మీద వచ్చింది. స్తంభానికి ఆనుకున్న నాన్న మీద వచ్చింది. అందరికంటే ఎక్కువ, తల వంచుకుని వెల్లుల్లి ఒలుస్తున్న అమ్మ మీద వచ్చింది. పోయిన ఏడు నాకు టైఫాయిడ్ వస్తే కోతకి పోకుండా మూడు రోజులు నా పక్కన కూర్చుంది మహిమ. అమ్మ ఆమెని చెల్లీ అని పిలుస్తుంది. ఆ చెల్లి విషం తాగిందని ఊరంతా అంటుంటే, కాదని చెప్పగలిగిన ఒక్క కాగితాన్ని తీసి దాచింది.

దాచింది. కాల్చలేదు. అది నాకు తెలుసు. మందు ప్యాకెట్లు పెరట్లో తగలేస్తే ఆ పొగ పీల్చి చస్తామని అమ్మ నాన్నతో ఎన్నిసార్లు పోట్లాడిందో లెక్కలేదు. మందు తగిలింది ఏదైనా మా ఇంట్లో కాల్చరు. వంటింట్లోకి తేరు, బట్టల్లో పెట్టరు, దేవుడి గూటి దరిదాపుల్లోకి రానివ్వరు. పెరటి చివర మందుల కొట్టంలో నీలం డ్రమ్ము ఉంటుంది, అందులో పడేస్తారు. ఆ ఫిల్టర్‌కి ఏం అంటుకుందో అమ్మకి తెలుసు. తెలిసిన మనిషి దాన్ని అక్కడే వేస్తుంది.

లేచి పెరట్లోకి నడిచాను. మంచినీళ్ళకి అనుకున్నారేమో, ఎవరూ ఆపలేదు.

కొట్టానికి గొళ్ళెమే గాని తాళం లేదు. లోపలికి అడుగుపెట్టగానే వాసన ముక్కుని పొడిచింది. కిటికీ లేదు. తలుపులోంచి వచ్చే వెలుగు తప్ప వేరే వెలుగు లేదు. గోడ వారన మందు డబ్బాలు, ఎవరూ పెట్టుకోని ముక్కు గుడ్డలు, పాత చేతిపంపు. డ్రమ్ములోకి వంగి పైన ఉన్న గోతంపట్టా తీశాను. చించిన షాంపూ ప్యాకెట్ల దండలు ఉన్నాయి. వాటి అడుగుల్లో ఇంకా నురగ తడి ఆరలేదు. వాటి కింద, అక్క గదిలో వాడే వెండి రేకులో నాలుగు మడతలు పెట్టి చుట్టిన పొట్లం.

చున్నీ చివర చేతికి చుట్టుకుని పొట్లం విప్పాను. తెల్లటి వలయం. మధ్యలో పసుపు కలిసిన గోధుమరంగు. ఇంకా ఎవరూ ముక్క కోయలేదు, గుండ్రంగా అలాగే ఉంది.

మేడ మీదికి ఇరవై అడుగులుంటుందేమో. అక్క దగ్గరికి తీసుకెళ్తే ఆవగింజంత పాదరసం చుక్క చాలు. గీత కిందికి పడుతుంది. క్రీస్తుదాసు సాయంత్రానికి ఆసుపత్రికి వెళ్తాడు. మహిమ విషం తాగింది అన్న నోళ్ళన్నీ మూతపడతాయి. దాంతోపాటు నాన్నని తీసుకెళ్తారు. అది కూడా నాకు తెలుసు. తెలిసే పొట్లం మడిచి గుండెకి హత్తుకున్నాను.

డ్రమ్ము మీద వెలుగు సన్నబడింది.

తల తిప్పి చూస్తే గుమ్మంలో అమ్మ. చేతులకి ఇంకా వెల్లుల్లి పొట్టు అంటుకుని ఉంది. ఆమె వెనక కాస్త దూరంలో, జామచెట్టు దగ్గర, తెల్లచొక్కా.

"అక్కడ పెట్టేసి రా హేమా."

"మహిమ పిన్ని తాగలేదమ్మా. నీకు తెలుసు."

అమ్మ నా చేతిలోని పొట్లాన్ని చూసింది, నా మొహం చూసింది. ఒక్క క్షణం ఆమె నా వైపు వస్తుందనే అనుకున్నాను. వెనక నుంచి సురేంద్ర ఏదో అన్నాడు. మాట వినపడలేదు, అతను గడియారం చూసుకోవడం మాత్రం కనపడింది.

"మందు వాసన పీల్చకు. ముక్కుకి చున్నీ కట్టుకో," అంది అమ్మ. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చెప్పే గొంతుతోనే చెప్పింది. "సాయంత్రం తీస్తా."

తలుపు మూసింది. బయట గొళ్ళెం పడింది.